యూదుల వీధిలో చిత్రకారుని ఇల్లు

మన క్రైస్తవ గృహాలలో ముందు గదిలో ప్రభువు పటం లేని ఇల్లు అరుదు. కొత్త సంవత్సరపు క్యాలెండరు మీద, పెండ్లి శుభలేఖ మీద, ఆటో అద్దం మీద, చివరకు సమాధి రాతి మీద కూడా ఆ ముఖమే కనబడుతుంది. తెల్లని మేనిఛాయ, భుజాల మీదికి జారిన గోధుమరంగు జుట్టు, పైకి చూచే కన్నులు. ఈ పటాలలో చాలా భాగానికి మూలం, అమెరికాలోని షికాగో నగరంలో వార్నర్ సాల్మన్ అనే చిత్రకారుడు 1940లో వేసిన క్రీస్తు చిత్రం. అది కోట్ల ప్రతులుగా అచ్చయి లోకమంతా తిరిగింది. మన పల్లెలలోని తాటాకు ఇంటి గోడ దాకా వచ్చి చేరింది. ప్రార్థన చేసి నిద్రపోయే బిడ్డ కండ్ల ముందు మెదిలేది ఆ ముఖమే గనుక, దీనిని చిన్న సంగతి అనుకోవడానికి లేదు.

సువార్త వ్రాసిన నలుగురిలో ఏ ఒక్కరూ ప్రభువు రూపాన్ని వర్ణించలేదు. మరి పటం వేసేవాడు ఎవరిని చూచి వేశాడు? అతని ఎదుట కూర్చున్నది ఎవరు? లెంటులస్ అనే రోమా అధికారి ప్రభువును కండ్లారా చూచి వ్రాసిన ఉత్తరం ఒకటి ఉందని కొందరు ప్రసంగాలలో చెబుతుంటారు. అది మధ్యయుగాలలో పుట్టిన కల్పన అని చరిత్రకారులు ఎప్పుడో తేల్చివేశారు. యూరపు చిత్రకారులు శతాబ్దాల పాటు ఆ కల్పిత వర్ణననే నమ్ముకొని పటాలు వేశారు.

ఈ ప్రశ్నకు హాలండు దేశంలో ఒక చోట విచిత్రమైన జవాబు కాగితం మీద మిగిలి ఉంది. 1656లో అప్పులపాలైన ఒక చిత్రకారుని ఇంట్లో కోర్టువారు సామాను జాబితా వ్రాశారు. అందులో ఒక వరుసలో, క్రీస్తు ముఖం, జీవించి ఉన్న మనిషిని చూచి వేసినది, అనే అర్థం వచ్చే మాటలున్నాయి. ప్రభువు ఆరోహణమై పదహారు వందల ఏండ్లయిన తరువాత ఈ మాట ఎలా వ్రాశారు? సంఘ పని నిమిత్తం ఆ దేశం వెళ్ళిన మాకు ఒక పూట తీరిక దొరికినప్పుడు, ఊరి కాలువలలో పడవ షికారు మాని, ఆ ఇల్లే చూద్దామని బయలుదేరాము.

ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆ వీధి పేరు యోడెన్‌బ్రేస్ట్రాట్. మన మాటలో చెప్పాలంటే యూదుల పెద్దవీధి. నాలుగో నంబరు ఇల్లు. ఎర్ర ఇటుక గోడ, ఎర్ర రంగు వేసిన కిటికీ తలుపులు, పైన త్రికోణపు నెత్తి. 1606-07లో కట్టిన ఇల్లు ఇది. లైడెన్ పట్టణంలో పిండిమర యజమాని కుమారుడుగా 1606లో పుట్టిన రెంబ్రాంట్, 1639 జనవరిలో దీనిని 13,000 గిల్డర్లకు కొన్నాడు. ఆ రోజులలో ఒక చేతిపనివాడు ఏడాదంతా కష్టపడితే వచ్చేది సుమారు 300 గిల్డర్లు. ఆ లెక్కన ఒక కూలివాని నలభై ఏండ్ల సంపాదన పైమాటే. కొంత చెల్లించి, మిగిలినది వాయిదాల మీద ఇస్తానని వ్రాసి ఇచ్చాడు. అప్పటికి అతనికి ముప్పై రెండేండ్లు. పేరు మారుమ్రోగుతున్నది, బొమ్మలు వేయించుకొనే ధనవంతులు వరుస కట్టి ఉన్నారు. అలాంటి దినాలలో వాయిదా ఎవరికీ బరువుగా కనిపించదు.

ఈ ఇంటిని 1906లో, అతడు పుట్టి మూడు వందల ఏండ్లయిన సందర్భంలో నగరం వారు కొనదలచి, మరుసటి ఏడు సొంతం చేసుకొన్నారు. 1911లో మ్యూజియంగా తెరిచారు. లోపలి గదులను మాత్రం 1990ల చివరలో తిరిగి 17వ శతాబ్దపు తీరుకు తెచ్చారు. అందుకు వారికి ఆధారమైనది మేము పైన చెప్పిన ఆ అప్పుల జాబితాయే! ఏ గదిలో ఏ కుర్చీ, ఏ గోడకు ఏ పటం అని కోర్టు గుమస్తా గది గదికీ తిరిగి వ్రాసుకొన్నాడు. మనిషికి అవమానమైన కాగితమే మూడు వందల నలభై ఏండ్ల తరువాత అతని ఇంటిని నిలబెట్టింది.

చిత్రశాల అనగానే మనకు ఏకాంతంలో గడ్డం పెంచుకొని కూర్చున్న ఒంటరి మనిషి తలంపునకు వస్తాడు. ఈ ఇంట్లో అడుగు పెట్టగానే ఆ తలంపు పోతుంది. గుమ్మం దాటగానే ఉన్న పెద్ద గది అంగడి వంటిది. గోడల నిండా అమ్మకానికి పెట్టిన పటాలు, అతడు వేసినవే కాక ఇతరులు వేసినవి కూడా. రెంబ్రాంట్ బొమ్మల వ్యాపారి కూడాను. ప్రక్క గదిలో బేరానికి వచ్చిన వారిని కూర్చుండబెట్టి ద్రాక్షారసం ఇచ్చేవారు. క్రింద వంటగది. అక్కడే గోడలో అలమరవలె అమర్చిన పనిమనిషి మంచం. ఆ మంచాలు ఎంత పొట్టివంటే, మాతో వచ్చిన పొడుగాటి తోటి సేవకుడు, "అయ్యగారూ, ఇందులో నేను పడుకోవాలంటే నన్ను మడత పెట్టాలి" అన్నారు. ఆ రోజులలో దిండ్లకు చేరగిలబడి సగం కూర్చునే నిద్రపోయేవారట.

వెనుక గదిలో కుటుంబం కూర్చునేది, పడుకొనేది. దానికి దగ్గరలోనే చిత్రాలు అచ్చు వేసే యంత్రం. పైన చిత్రశాల, ఆ పైన అటక మీద శిష్యులు. ఎక్కడ ఇల్లు ముగిసి ఎక్కడ పని మొదలవుతుందో గీత గీసి చెప్పడానికి వీలులేదు. మన చీరాల, మంగళగిరి చేనేత ఇండ్లు ఎరిగిన వారికి ఇది కొత్త కాదు. ఇంటి మధ్యనే మగ్గం గుంట, ఒక ప్రక్క రాట్నం దగ్గర కండెలు చుట్టే అవ్వ, ఇంకొక ప్రక్క ఉయ్యాలలో బిడ్డ. రెంబ్రాంట్ ఇల్లు అలాంటిదే. కాకపోతే మూడంతస్తులది.

మేడ మీది పెద్ద చిత్రశాలలో మేము ఎక్కువసేపు నిలిచిపోయాము. వీధి వైపున ఉత్తరానికి తెరుచుకొనే పొడవైన కిటికీలు. ఉత్తరపు వెలుతురులో ఎండ నేరుగా పడదు గనుక ఉదయం నుండి సాయంత్రం దాకా పెద్దగా మారదు. బొమ్మ వేయించుకొనే మనిషి ముఖం మీద నీడలు గంట గంటకూ కదిలిపోకుండా ఉంటాయి. కిటికీల మీద తెర కట్టి ఆ వెలుగును కూడా దించుకొనేవాడు. చలిదేశం గనుక గది వేడి చేయడానికి ఇనుప పొయ్యిలు. ఒక బల్ల మీద మ్యూజియంవారు రంగు నూరి చూపుతున్నారు. రాతి పలక మీద రంగు పొడి పోసి, అవిసె గింజల నూనె చుక్క చుక్కగా చేర్చి, అడుగు చదునుగా ఉన్న రాతి గుండుతో గుండ్రంగా నూరాలి. మన ఇండ్లలో రోటి పచ్చడి నూరినట్లే, అయితే గంటల తరబడి! ఈనాటి గొట్టాలలో వచ్చే రంగులు అప్పుడు లేవు. ఏ రోజుకు కావలసినది ఆ రోజు నూరుకోవాలి. మిగిలినది పంది మూత్రాశయపు తిత్తిలో కట్టి దాచేవారు. పసుపు, ఎరుపు మట్టిరంగులు, కాల్చిన ఎముకల నలుపు, సీసపు తెలుపు. ఈ తెలుపు కోసం సీసపు రేకులను పులిసిన కాడి ఆవిరికీ గుర్రపు పేడ వేడికీ వారాల తరబడి పెట్టేవారు. అది విషం. ప్రభువు ముఖం మీద, పరిశుద్ధుల శిరస్సు మీద మెరిసే వెలుగంతా ఆ పేడకుప్పలో పుట్టిన తెలుపే అని తెలిసినప్పుడు మేము ఒకరి ముఖం ఒకరం చూచుకొన్నాము.

ఈ గదిలోనికి ఎవరెవరు మెట్లెక్కి వచ్చారు? ధనికులు, వైద్యులు, సైనికాధికారులు, యూదులు. మా మనసును ఎక్కువగా పట్టినది వచ్చినవారిలో బోధకులు కూడా ఉండడం. కొర్నేలిస్ అన్‌స్లో అనే బోధకునీ అతని భార్యనూ 1641లో రెంబ్రాంట్ చిత్రించాడు. ఆ పటం ఇప్పుడు బెర్లినులో ఉంది. అన్‌స్లో బట్టల వర్తకుడు, మెన్నోనైటు సంఘంలో వాక్యం చెప్పేవాడు. మహబూబ్‌నగర్ ప్రాంతపు పాఠకులకు మెన్నోనైటు అనే పేరు ఇంటి పేరంత దగ్గర. ఆ చిత్రంలో బల్ల మీద పెద్ద గ్రంథాలు, కొవ్వొత్తుల స్తంభం. అతడు చెయ్యి చాపి ఏదో చెబుతున్నాడు. భార్య తల కొంచెం వంచి, చేతిలో రుమాలుతో వింటున్నది. పాస్టరుగారు గంభీరంగా కెమెరా వైపు చూచే మన ఫోటోల వంటిది కాదు అది. చెప్పేవాని నోటికంటే వినే ఆమె ముఖమే మన దృష్టిని పట్టుకొంటుంది. పాస్టరమ్మలు ఈ చిత్రాన్ని చూస్తే వారికి చెప్పవలసినవి చాలా ఉంటాయి.

అటక మీద శిష్యుల చోటు. రెంబ్రాంట్ వద్ద నేర్చుకొన్నవారు పదుల సంఖ్యలో ఉన్నారు. గోవర్ట్ ఫ్లింక్, ఫెర్డినాండ్ బోల్, కారెల్ ఫాబ్రీషియస్, నికోలాస్ మాస్ వారిలో కొందరు. అదే కాలంలో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఉండిన సాండ్రార్ట్ అనే జర్మను చిత్రకారుడు 1675లో వ్రాసినదాని ప్రకారం ఒక్కొక్క శిష్యుడు ఏటా 100 గిల్డర్లు ఫీజు చెల్లించేవాడు. అది గాక వారు వేసిన బొమ్మలు అమ్మి గురువు ఇంకా చాలా సంపాదించేవాడు. హౌబ్రాకెన్ అనే మరొకరు 1718లో ఇంకా వినోదమైన సంగతులు వ్రాశారు. శిష్యులు కొందరి కోసం ఒక గిడ్డంగి అద్దెకు తీసుకొని, కాగితంతోనో కాన్వాసుతోనో అడ్డుతెరలు కట్టి, ఎవరి గది వారికి చేశాడట. ఒకరిని చూచి ఒకరు వేయకూడదని అతని కోరిక. అల్లరి కుర్రవాళ్ళు కొందరు నేల మీద నిజమైన నాణేలవలె బొమ్మలు వేసి పెడితే, గురువుగారు వంగి ఏరుకోబోయేవాడట. హౌబ్రాకెన్ అతడు చనిపోయి సుమారు యాభై ఏండ్లకు వ్రాసినది గనుక అందులో ఎంత నిజమో గాని, డబ్బు సంగతిలో గురువు బలహీనత శిష్యులందరికీ తెలుసునన్న మాట మాత్రం అందులో ఉంది. శిష్యుల కండ్లు అటువంటివి. మనం చెప్పినదానికంటే మనం వంగి ఏరుకొన్నదే వారికి ఎక్కువ గుర్తు.

అప్పట్లో శిష్యుడు వేసిన బొమ్మను గురువు దిద్ది, గురువు పేరున అమ్మడం తప్పు కాదు. దాని ఫలితంగా ఏది రెంబ్రాంట్ చేయి, ఏది శిష్యుల చేయి అని తేల్చడానికి 1968లో హాలండు పండితులు ఒక పరిశోధన మొదలుపెట్టి దశాబ్దాల పాటు శ్రమించారు. ఎన్నో పేరుపొందిన పటాల క్రింద పేరు మారిపోయింది. కొన్నింటి సంగతి ఈనాటికీ వాదంలోనే ఉంది. దీనిని గూర్చి మాలో వాదన జరిగింది. గురువు పేరున శిష్యుని పని అమ్మడం మోసం కాదా అని ఒకరు అన్నారు. మరొకరు, ఆ కాలపు సంఘాలలో తాతల నుండి పాడుతున్న పాటలకు ఎవరి పేరు ఉంది, అన్నారు. తేలలేదు.

చిత్రశాల ప్రక్కనే వింత వస్తువుల గది. సముద్రపు గవ్వలు, పగడాలు, రోమా చక్రవర్తుల తలల అచ్చులు, ఆయుధాలు, భూగోళాలు, దొంతరలు దొంతరలుగా ఇతర చిత్రకారుల పటాలు. శిష్యులకు ఇది పాఠశాల, అతనికి ఇది వ్యసనం. వేలంపాటలలో ఎంత ధరకైనా వెనుదీయక కొనేవాడని పేరు. ఈ గదిలో మాకు సొంత ఊరు జ్ఞాపకం వచ్చింది. ఎందుకంటే ఆ రోజులలో ఈ నగరపు ఓడలు మన మచిలీపట్నం రేవుకు వచ్చి పోతుండేవి. గోల్కొండ సుల్తానుల ఏలుబడిలో ఉన్న ఆ రేవులో 17వ శతాబ్ది ఆరంభంలోనే డచ్చివారు కోఠీ పెట్టుకొని మన కలంకారీ బట్ట, నూలు బట్ట కొన్నారు. భీమిలిలో వారి సమాధులు ఇంకా ఉన్నాయి. ఆ రాకపోకల దారిలోనే మొగలాయి దర్బారు చిత్రాలు కూడా ఆమ్‌స్టర్‌డామ్ చేరాయి. రెంబ్రాంట్ వాటిని చూచి గీసుకొన్న నకళ్ళు ఇరవైకి పైగా మిగిలాయి. షాజహాను, జహంగీరు పాదుషాలను, తలపాగాలను, సన్నని ఉత్తరీయాలను జపాను కాగితం మీద మెల్లగా గీశాడు. తన యిల్లు దాటి దూరదేశం ఎన్నడూ వెళ్ళని మనిషి!

క్రింద అచ్చు యంత్రం దగ్గర ఒక అమ్మాయి సిరా పూసి చూపింది. రాగి రేకుకు మైనం పూత పూసి, సూదితో బొమ్మ గీసి, ఆమ్లంలో ముంచుతారు. గీసిన చోట మాత్రమే ఆమ్లం రాగిని తింటుంది. ఆ గాళ్ళలో సిరా నింపి, పైపైన తుడిచి, తడి కాగితం వేసి రెండు రోలర్ల మధ్య నొక్కితే బొమ్మ తిరగబడి పడుతుంది. పెద్ద పటం కొనలేని సామాన్యుడు కూడా కాగితపు బొమ్మ కొనగలడు. రెంబ్రాంట్ పేరు హాలండు దాటి పోయింది ఎక్కువగా ఈ కాగితాల మూలంగానే.

వాటిలో 1648 ప్రాంతంలో ముగిసిన ఒక చిత్రాన్ని 'వంద గిల్డర్ల బొమ్మ' అంటారు. ఒక్క ప్రతికి అంత ధర పలికిందని ఆ పేరు వచ్చింది. బైబిలు తెరిచి మత్తయి 19వ అధ్యాయం ఒకసారి చదివి ఈ చిత్రం చూడాలి. ఆ అధ్యాయంలోని సంగతులన్నీ ఒకే కాగితంలో ఇమిడ్చాడు. మధ్యన ప్రభువు. ఒక ప్రక్క తర్కించే పరిసయ్యులు, బిడ్డను ఎత్తుకొని ముందుకు వచ్చే తల్లి, ఆమెను అడ్డగించబోయే శిష్యుడు, గడ్డం క్రింద చెయ్యి పెట్టుకొని ఎటూ తేల్చుకోలేక కూర్చున్న ధనవంతుడైన యౌవనుడు. మరొక ప్రక్క చీకటిలో నుండి వస్తున్న రోగులు, ఒకరు తోపుడుబండిలో, ఒకరు చాప మీద. కుడి అంచున ద్వారంలో ఒంటె కూడా ఉంది! సూదిబెజ్జపు మాట చెప్పిన అధ్యాయం గదా. మేము ఇన్నేండ్లుగా ఆ అధ్యాయాన్ని మూడు నాలుగు ప్రసంగాలుగా కోసి చెబుతూ వచ్చాము. ధనవంతునికీ, తల్లికీ, రోగికీ ఒకే వేళ ఒకే గదిలో చోటు ఇచ్చి చూడవచ్చునని ఆ కాగితం ముందు నిలిచినప్పుడే తోచింది. అలాంటి గది రెంబ్రాంట్ ఎరిగినదే. అతని ముందుగదిలో ప్రతి దినం అదే గుంపు.

ఈ ఇంటిలో స్త్రీల కథ చెప్పక దాటలేము. భార్య సాస్కియా నలుగురు బిడ్డలను కన్నది. ముగ్గురు పసికందులుగానే పోయారు. నాలుగోవాడు టైటస్ 1641లో పుట్టాడు. మరుసటి ఏడు జూనులో ఆమె కన్నుమూసింది. అప్పటికి ఆమె వయస్సు ఇరవై తొమ్మిది. అతని ప్రసిద్ధ పటం 'నైట్ వాచ్' ముగిసింది కూడా ఆ సంవత్సరమే. తల్లిలేని బిడ్డను పెంచడానికి గీర్ట్యే అనే విధవరాలిని తెచ్చుకొన్నాడు. పెండ్లి చేసుకొంటానని మాట ఇచ్చి తప్పాడని ఆమె 1649లో ఫిర్యాదు చేసింది. ఏడాదికి 200 గిల్డర్లు భరణం ఇవ్వాలని తీర్పు వచ్చింది. ఆ తరువాత అతడు సాక్ష్యాలు కూడగట్టి ఆమెను గౌడా పట్టణంలోని దిద్దుబాటు గృహంలో వేయించాడు. ఆమె అందులో ఐదేండ్లు ఉంది. ఇంత దయగా రోగుల ముఖాలు గీసిన చేయి ఆ కాగితాల మీద సంతకం చేసింది. రెంటినీ ప్రక్క ప్రక్కన పెట్టి చూడవలసిందే గాని, ఒకదానితో మరొకదానిని కప్పడం న్యాయం కాదు.

తరువాత హెండ్రిక్యే స్టోఫెల్స్ ఇంటికి వచ్చింది. పనిమనిషిగా వచ్చి భార్యవలె నిలిచిపోయింది. పెండ్లి మాత్రం జరగలేదు. రెంబ్రాంట్ మళ్ళీ పెండ్లి చేసుకొంటే సాస్కియా ఆస్తి మీద అనుభవహక్కు పోతుందని ఆమె వీలునామాలో ఉండటం దానికి ఒక కారణం అంటారు. 1654లో సంఘ పెద్దలు హెండ్రిక్యేను పిలిపించి విచారించి, ప్రభువు బల్లలో పాలు లేకుండా చేశారు. అప్పటికి ఆమె గర్భవతి. అక్టోబరు నెలాఖరులో కుమార్తె కొర్నేలియాకు ఔడె కెర్క్ అనే పాత దేవాలయంలో బాప్తిస్మం ఇచ్చారు. సంఘ క్రమశిక్షణ అవసరం లేదని మేము చెప్పడం లేదు. పెద్దల కమిటీలో కూర్చొని ఇలాంటి విచారణలు మేమూ చేసినవారమే. అయితే ఒకే ఇంటిలో ఇద్దరు చేసిన పనికి బల్ల ఒక్కరికే దూరమైంది. ఆ ఇంట్లో బలహీనురాలు ఎవరో వారికే శిక్ష. ఇది 17వ శతాబ్దపు హాలండు సంగతి మాత్రమే అనుకొనేవారు మన సంఘాల మినిట్సు పుస్తకాలు ఒకసారి తిరగవేసి చూడవచ్చు.

ఇంటి బాకీ తీరలేదు. పాత యజమానులు గట్టిగా అడిగారు, కొత్త అప్పులు చేశాడు, పటాల రాబడి తగ్గింది, కొనుగోళ్ళు తగ్గలేదు. 1656 జూలైలో తన ఆస్తినంతా అప్పులవారికి ఒప్పగించుకొన్నాడు. ఆ నెల 25, 26 తేదీలలో గుమస్తాలు వచ్చి 363 వరుసల జాబితా వ్రాశారు. ఆ జాబితాలోనే మేము మొదట చెప్పిన వరుస, సజీవుని చూచి వేసిన క్రీస్తు ముఖం.

ఆ సజీవుడు ఎవరు? వీధి పేరే దారి చూపుతుంది. స్పెయిను, పోర్చుగల్ దేశాలలో బలవంతపు బాప్తిస్మాలకు, మతవిచారణ మంటలకు పారిపోయి వచ్చిన యూదులు ఈ చుట్టుప్రక్కల ఇండ్లలో కాపురం ఉన్నారు. రబ్బీ మెనస్సే బెన్ ఇస్రాయేలు సమీపంలోనే నివసించేవాడు. ఆయన పుస్తకానికి రెంబ్రాంట్ 1655లో నాలుగు బొమ్మలు చేసి ఇచ్చాడు. వైద్యుడు ఎఫ్రాయిము బుయేనోను 1647లో చిత్రించాడు. బెల్షస్సరు విందు చిత్రంలో గోడ మీది హెబ్రీ అక్షరాలు పైనుండి క్రిందికి వరుసలుగా ఉండడం ఆ రబ్బీ చెప్పిన అర్థాన్ని బట్టియేనని పండితుల అభిప్రాయం. అదే వీధులలో ఆఫ్రికా నుండి వచ్చిన నల్లజాతివారి చిన్న సమాజం కూడా ఉండేది. వారి ముఖాలూ అతని పటాలలో ఉన్నాయి.

1648 ప్రాంతంలో ఈ చిత్రశాలలో చిన్న చిన్న ఓక్ పలకల మీద వరుసగా క్రీస్తు ముఖాలు వేశారు. కొన్ని గురువు చేయి, ఎక్కువ భాగం శిష్యులది. అన్నిటిలోనూ ఒకే యువకుడు. నల్లని జుట్టు, చామనఛాయ, అలసిన కన్నులు. ఒకదానిలో తల వంచి వింటున్నాడు. మరొకదానిలో ప్రక్కకు చూస్తున్నాడు. పొరుగున ఉన్న ఒక యూదు యువకుడు ఆ మేడ మెట్లెక్కి వచ్చి ఉత్తరపు కిటికీ దగ్గర కూర్చున్నాడని పండితులు తలుస్తారు. మిగిలిన పలకలన్నిటినీ సమకూర్చి 2011లో పారిస్, ఫిలడెల్ఫియా, డెట్రాయిట్ నగరాలలో ప్రదర్శించారు. జాబితాలోని ఆ ఒక్క వరుస ఏ పలకను గూర్చినదో మాత్రం ఖచ్చితంగా తేలలేదు. ఆ యువకుని పేరు ఏ కాగితంలోనూ లేదు.

యేసు యూదుడు అని ఆదివారపు బడిలో పిల్లలకు చెబుతాము. యూరపులో ఆనాటికి వెయ్యేండ్లుగా ఆ మాట తెలిసీ ఎవరూ యూదుని చూచి ఆయన ముఖం వేయలేదు. పైగా క్రీస్తును చంపినవారని యూదుల ఇండ్లు తగులబెట్టారు. ఈ మనిషి అప్పులు చేశాడు, మాట తప్పాడు, ఒక స్త్రీని బందీ చేయించాడు. ఆ మనిషే పొరుగువాని తలుపు తట్టి, వచ్చి నా ఎదుట కూర్చుంటావా, నా ప్రభువు ముఖం వేయాలి, అన్నాడు. అతనికి వేదపండితులు చెప్పినట్లు లేదు. వీధిలోకి చూచాడు, అంతే. ఎమ్మాయు గ్రామంలో రొట్టె విరిచే ప్రభువును 1648లో వేసిన పటం పారిస్‌లోని లూవ్ర్‌లో ఉంది. ఆ ముఖమూ ఇదే. ప్రక్కన నడిచినా గుర్తుపట్టలేదని లూకా 24లో చదువుతాము.

1658లో ఇల్లు వేలమైంది. కొన్న ధర కూడా రాలేదు. కుటుంబం ఊరికి పడమర నున్న రోజెన్‌గ్రాక్ట్ వీధిలో అద్దె ఇంటికి మారింది. 1660లో హెండ్రిక్యే, టైటస్ కలిసి బొమ్మల వ్యాపారం పేరున ఒక ఒప్పందం వ్రాసుకొని, రెంబ్రాంట్‌కు తిండి, నీడ ఇచ్చి, అతడు వేసినది తమకు చెందేటట్లు చేశారు. అప్పులవారు చిత్రాల మీద చెయ్యి వేయకుండా ఇదొక అడ్డుకట్ట. బల్లకు దూరం చేయబడిన ఆ స్త్రీయే చిత్రశాలను నిలబెట్టింది. ఆమె 1663లోను, టైటస్ 1668లోను చనిపోయారు. 1669 అక్టోబరు 4న రెంబ్రాంట్. వెస్టర్‌కెర్క్ దేవాలయంలో అద్దె సమాధిలో పెట్టారు. స్థలం ఏదో గుర్తు లేదు.

మేము బయటికి వచ్చేసరికి వీధిలో సన్నని వాన. పేరుకు యూదుల పెద్దవీధి. మేము నడిచినంత దూరంలో పాత ఇండ్లు కొద్దిగానే ఉన్నాయి. 1675లో కట్టిన పోర్చుగీసు యూదుల సమాజమందిరం నిలిచి ఉంది, లోపల నేటికీ కొవ్వొత్తుల వెలుగులోనే ఆరాధిస్తారట. దాని ప్రక్క మైదానంలో 1941 ఫిబ్రవరిలో జర్మను పోలీసులు యూదు యువకులను నాలుగు వందలకు పైగా పట్టుకొని మోకాళ్ళ మీద నిలబెట్టి, లారీలలో ఎక్కించుకొని పోయారు. ఆ ఊరి పనివారు దానికి నిరసనగా సమ్మె చేశారు. ట్రాములు నిలిచిపోయాయి. అయినా పంపకాలు ఆగలేదు. ఖాళీ అయిన ఇండ్లలోని దూలాలను, మెట్లను 1944-45 ఆకలి చలికాలంలో జనం పొయ్యిలోకి పీకుకొని పోయారు. నాలుగో నంబరు ఇల్లు మ్యూజియం గనుక మిగిలింది.

అక్కడి నుండి పది నిమిషాల నడకలో వీస్పెర్‌స్ట్రాట్ ప్రక్కన 2021లో తెరిచిన ఇటుక గోడలున్నాయి. ఇటుక ఒక్కొక్కదాని మీద ఒక పేరు, పుట్టిన తేదీ, చనిపోయిన వయస్సు. 1,02,000కు పైగా పేర్లు. మేము గొడుగు క్రింద నిలిచి చదువుతూ నడిచాము. అబ్రహాము, యాకోబు, సారా, రాహేలు, యోసేపు. అన్నీ మన సంఘపు బాప్తిస్మ రిజిస్టరులో ఉండే పేర్లే. ఒక ఇటుక మీద వయస్సు అంకె ఒక్కటే ఉన్న చోట ఎవరో చిన్న గులకరాయి పెట్టి వెళ్ళారు.